టైమింగ్ చైన్ మార్చడానికి ఇంజిన్ దించాలా, బండిలోనే మార్చాలా?

స్విఫ్ట్, డిజైర్, రిట్జ్, ఇండికా విస్టా... ఫియట్ 1.3 డీజిల్ ఇంజిన్ ఉన్న బండి ఏదైనా సరే, అడిగే ప్రశ్న ఒక్కటే. పొద్దున స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు గలగలమంటోంది, చైన్ పోయిందంటున్నారు. ఒక షెడ్డులో ఇంజిన్ దించాలంటారు, ఇంకో షెడ్డులో అక్కర్లేదంటారు. ఎవరి మాట వినాలి? (పిస్టన్లూ వాల్వులూ ఒకదానికొకటి సరిగ్గా సమయానికి కదిలేలా కలిపి తిప్పే గొలుసే టైమింగ్ చైన్.) మారుతి 2020 ఏప్రిల్‌తో డీజిల్ కార్లు మానేసింది కాబట్టి ఇప్పుడు తిరుగుతున్నవన్నీ వయసు మీద పడ్డ బండ్లే. నా 2013 డిజైర్‌కు పోయిన నెలే చైన్ మార్పించాను, ఇంజిన్ దించకుండానే.

దించమనేవాళ్ల మాటలోనూ నిజం ఉంది. ఈ బండ్లలో ఇంజిన్ అడ్డంగా కూర్చుంటుంది. చైన్ ఉండేది డ్రైవర్ వైపు, బాడీకీ ఇంజిన్‌కూ మధ్య ఇరుకు సందులో. దించి స్టాండ్ మీద పెట్టుకుంటే మెకానిక్ నిలబడి, అన్ని వైపులా చూసుకుంటూ పని చేసుకోవచ్చు. అదే చేత్తో క్లచ్, క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) వెనక నూనె కారకుండా ఆపే సీల్ కూడా మార్చేయొచ్చు.

కానీ దించాలంటే యాక్సిళ్లు లాగాలి, గేర్ ఆయిల్, కూలెంట్ పారబోయాలి, ఏళ్ల తరబడి వేడికి ఎండిపోయిన వైరింగ్ క్లిప్పులన్నీ ఊడదీయాలి. అవి ముట్టుకుంటే విరుగుతాయి. డీజిల్ పైపులూ విప్పాలి. ఫిల్టర్ తర్వాతి పైపులో దుమ్ము పడిందా, ఇక దాన్ని ఆపేదేమీ లేదు. 1,000 బార్లు దాటిన ఒత్తిడి పుట్టించే పంపులోకి, అటు నుంచి ఇంజెక్టర్లలోకి పోతుంది. ఒక్క చైన్ కోసం అన్ని జాయింట్లు కదిలించడం నాకు నచ్చదు.

నేను అన్నిటికన్నా ముందు చూసేది ఒక్కటే: ఆయిల్ చాంబర్ (ఇంజిన్ అడుగున నూనె నిలిచే తొట్టి) విప్పుతారా, లేదా? ఈ ఇంజిన్‌లో చైన్‌ను మూసే టైమింగ్ కవర్ కింది అంచు చాంబర్‌కే బిగించి ఉంటుంది, ఆయిల్ పంపు కూడా ఆ కవర్‌లోనే ఉంటుంది. చాంబర్‌ను కదపకుండా కవర్‌ను పెకలిస్తే ఆ మూల అతుకులో పూసిన పాత సీలింగ్ పేస్ట్ చిరిగి నూనె చెమ్మ మొదలవుతుంది. అసలు ముప్పు వేరే ఉంది. సాగిన చైన్ తనకు దారి చూపే ప్లాస్టిక్ గైడ్లను చెక్కేస్తూ తిరుగుతుంది. ఆ తునకలు పడేది చాంబర్‌లోకే. అవి స్ట్రైనర్‌కు (పంపు నూనె లాగే చోట ఉండే జల్లెడకు) అడ్డం పడితే ఆయిల్ ప్రెషర్ తగ్గుతుంది. చైన్‌ను బిగువుగా పట్టే టెన్షనర్ నడిచేది ఆ ప్రెషర్‌తోనే! అంటే కొత్త చైన్‌కూ పాత గతే. నా బండి చాంబర్‌లో గోరంత ముక్కలు రెండు దొరికాయి.

అందుకే షెడ్డుకు వెళ్తే "ఇంజిన్ దించుతావా అన్నా" అని కాదు, "జాకీ ఎక్కడ పెడతావన్నా" అని అడగండి. ఇంజిన్‌ను బాడీకి పట్టి ఉంచే కుడి మౌంటింగ్ విప్పాక ఇంజిన్ బరువును ఏదో ఒకటి మోయాలి. చాంబర్ కింద చెక్క పెట్టి జాకీ ఎత్తేవాళ్లు ఇక ఆ చాంబర్ ఎలా విప్పుతారు? నా బండికి రెండు ఫెండర్ల మీదుగా ఇనుప బీమ్ వేసి, ఇంజిన్‌ను గొలుసుతో పైనుంచి వేలాడదీశారు. కుడి చక్రం, దాని వెనక ప్లాస్టిక్ షీటు తీసేసరికి చేతికి చోటు దొరికింది. రెండు రోజుల పని.

లాక్ పిన్నుల గురించి కూడా అడగండి. వాల్వులు తెరిచే కామ్, క్రాంక్ చివరి ఫ్లైవీల్ కదలకుండా సరైన చోట ఆపేందుకు వేసేవి. వైట్నర్‌తో గుర్తులు పెట్టుకుని మార్చేస్తామంటే బండి ఇవ్వకండి. చైన్ సాగి టైమింగ్ అప్పటికే కాస్త తప్పి ఉంటుంది, ఆ తప్పు మీదే గుర్తు పెట్టినట్టవుతుంది. టైమింగ్ బాగా తప్పితే పిస్టన్లు వాల్వులను కొడతాయి, వాల్వులను నొక్కే రాకర్లు విరుగుతాయి. కొత్త చైన్ వేశాక ఇంజిన్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి, పిన్నులు మళ్లీ దూరుతున్నాయని కళ్లారా చూశాకే కవర్ మూయించండి.

టెన్షనర్ ఒక్కటే మార్చడం దండగ. గలగల కొన్నాళ్లు తగ్గుతుందేమో, సాగిన చైన్ అలాగే ఉంటుంది. చైన్ బదులు బెల్టు ఉండే డస్టర్ 1.5 డీజిల్ లాంటి బండ్లకు దించే ప్రశ్నే రాదు. బీఎండబ్ల్యూ ఎన్47 డీజిల్‌లో చైన్ గేర్‌బాక్స్ వైపు ఉంటుంది కాబట్టి గేర్‌బాక్స్ అయినా దిగాలి, ఇంజిన్ అయినా దిగాలి.

మన 1.3కే వస్తే, నూనె తాగుతూ పొగ కక్కుతున్న బండికి ఎలాగూ ఇంజిన్ పని తప్పదు, దించేయమనే చెప్తాను. క్లచ్ జారుతూ వెనక సీల్ కారుతున్నా అంతే. ఆ బాధలేవీ లేకపోతే దించనివ్వకండి. నేనైతే చైన్ మార్చిన 1,000 కిలోమీటర్లకే ఆయిల్, ఫిల్టర్ మళ్లీ మార్పించాను. కొత్తగా పూసిన పేస్ట్ తునకలు లోపల ఏవైనా తిరుగుతుంటే స్ట్రైనర్‌ను మూసేయకముందే బయటికి రావాలని.