నుసి పురుగు జాడ పట్టే గరాటుల ట్రాప్: కొనండి, కానీ గోదాము గోడకు తగిలించకండి

నల్ల గరాటులు ఒకదాని కింద ఒకటి వేలాడుతుంటాయి చూడండి, ఆ లిండ్‌గ్రెన్ ఫనెల్ ట్రాప్ గురించే ఇది. అసలు అడవుల్లో బెరడు తొలిచే పురుగుల కోసం 1980లలో వచ్చింది. దీనికి డొమినికల్యూర్ ఎర పెడితే ధాన్యంలోని నుసి పురుగు కూడా బాగా పడుతుంది. ఆ వాసన మగ పురుగు వదిలేదే అయినా ఆడా మగా రెండూ వస్తాయి, నాకు బాగా నచ్చింది అదే.

కొన్నవాళ్లలో చాలామంది దీన్ని గోదాము పక్కనే పెట్టి, పడ్డవన్నీ లోపలి నుంచి వచ్చినవే అనుకుంటారు. ధాన్యం ఊసే లేని చెట్ల మధ్య ఇంకోటి వేలాడదీసి చూడండి, అక్కడా పడతాయి! నుసి పురుగు కట్టె తొలిచే పురుగుల కుటుంబానిదే, ఓక్ గింజల మీద కూడా బతుకుతుంది, పైగా బాగా ఎగురుతుంది, కాబట్టి లోపల ఎంత బాగా ఫ్యూమిగేషన్ (పురుగు చచ్చేలా విషవాయువు పట్టించడం) చేయించినా బయటి నుంచి మళ్లీ వచ్చే దారి తెరిచే ఉంటుంది. గోడ పక్కనే ఎర పెడితే మనమే పిలిచినట్టవుతుంది, దూరంగా పెట్టండి.

లోపాలూ ఉన్నాయి. ఎండ ఎక్కువైతే ఎర వాసన త్వరగా తగ్గిపోతుంది, అప్పుడు ట్రాప్‌లో పడే పురుగుల లెక్క తగ్గితే పురుగు తగ్గిందో ఎర అయిపోయిందో తెలియదు, నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టేది ఇదే. చలిగా ఉన్న రోజుల్లో పురుగు ఎగరదు కాబట్టి గరాటుల అడుగున పురుగులు పడే కప్పు ఖాళీగా ఉండటం చూసి ధైర్యం తెచ్చుకోకండి. నిల్వ ధాన్యాన్ని తినే ఇంకో రకం, కప్రా పురుగు, అసలు ఎగరదు, దానికి ఇది పనికిరాదు. వాన నీళ్లు నిలిస్తే పురుగులు కుళ్లి గుర్తుపట్టడం కష్టం, అడుగున జాలీ ఉన్న పొడి కప్పు తీసుకోండి.

ఇంకో మాట, ట్రాప్ చెప్పేది ఎప్పుడు ఎగిరాయి, ఎక్కడ పడ్డాయి అన్నదే, ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పదు. మొక్కజొన్న తిని పెరిగిన పురుగుకీ చెట్టు కట్టె తిని పెరిగినదానికీ ఒంట్లో కార్బన్ ఐసోటోపుల (బరువులో కాస్త తేడా ఉన్న కార్బన్ రకాల) నిష్పత్తి వేరుగా ఉంటుంది, ల్యాబ్‌లో అది పట్టుకోవచ్చు. అందుకే పడ్డవాటిని పారేయకుండా తేదీ, చోటు రాసి దాచండి.

నా రేటింగ్ ఐదుకి నాలుగు. ధాన్యం కుప్ప లోపల ఏముందో చూడటమే మీ అవసరమైతే మాత్రం ఇది వద్దు, గింజల్లోకి గుచ్చే ప్రోబ్ ట్రాప్ తీసుకోండి.