దహనబలి, సమాధానబలి: తేడా ఎక్కడుంది?

బైబిల్‌ పాత నిబంధనలోని లేవీయకాండము చదివేటప్పుడు బలులన్నీ ఒకేలా అనిపిస్తాయి. కానీ దహనబలినీ సమాధానబలినీ (శాంతిబలి) పక్కపక్కన పెట్టి చూస్తే ఆరాధనకు రెండు ముఖాలు కనిపిస్తాయి.

దహనబలిలో పశువు మొత్తం బలిపీఠం మీద కాలిపోవాలి. చర్మం ఒక్కటే యాజకుడిది (బలి అర్పించే పూజారిది). తెచ్చినవాడికి ఒక్క ముక్క కూడా మిగలదు. మందలోంచి తెస్తే ఏ లోపమూ లేని మగదే కావాలి. అంత స్తోమత లేని పేదవాడు గువ్వనో పావురపు పిల్లనో తెచ్చినా దేవుడు అంగీకరిస్తాడు. నాకు ఎంతో ఇష్టమైన నియమం ఇది.

సమాధానబలికి ఆడదైనా మగదైనా సరే, లోపం మాత్రం ఉండకూడదు. కొవ్వు, మూత్రపిండాలు, కాలేజం మీది వప (పొర) ప్రభువుకు. బోర (రొమ్ము భాగం), కుడి జబ్బ యాజకులకు. మిగతా మాంసం తెచ్చినవాడు ఇంటివాళ్లతో కూర్చుని తినాలి. కృతజ్ఞతగా ఇచ్చినదైతే తెల్లారేలోపు అయిపోవాలి, మొక్కుబడిదైతే మరునాడు కూడా తినొచ్చు. మూడో రోజుకు మిగిలింది కాల్చేయాలి. దాచుకోవడానికి వీల్లేదు కాబట్టి నలుగురినీ పిలిచి పెట్టాల్సిందే.

రెండింటిలోనూ తెచ్చినవాడు పశువు తల మీద చెయ్యి ఉంచాలి. అయితే మొదటిదాంట్లో అతను ఖాళీ చేతులతో ఇంటికి వెళ్తాడు, రెండోదాంట్లో దేవుని సన్నిధిలో కడుపునిండా తిని వెళ్తాడు.