శిలల్లో క్లోరిన్-36 కొలత: స్పైక్ పద్ధతిని ఏళ్ల తరబడి వాడిన అనుభవం

శ్రీకాకుళంలోని మా ప్రయోగశాలలో తూర్పు కనుమల రాళ్ల నుంచి క్లోరిన్-36 నమూనాలు తయారుచేస్తూ చాలాకాలమైంది. సుమారు 3 లక్షల ఏళ్ల అర్ధాయువు గల ఈ ఐసోటోపు (ఒకే మూలకానికి చెందిన, ద్రవ్యరాశి వేరైన పరమాణు రూపం), శిలలోని కాల్షియం, పొటాషియం పరమాణువులను విశ్వకిరణాలు తాకినప్పుడు పుడుతుంది. రాతి ఉపరితలం ఎంతకాలంగా బయటపడి ఉందో దాని పరిమాణం చెబుతుంది.

పాత పద్ధతిలో మొత్తం క్లోరిన్‌ను వేరే పరికరంతో విడిగా కొలవవలసి వచ్చేది. ఇప్పుడు రాతి పొడిని హైడ్రోఫ్లోరిక్, నత్రిక ఆమ్లాలలో కరిగించే ముందే, క్లోరిన్-35 అధికంగా ఉన్న స్పైక్‌ను, అంటే కూర్పు ముందే తెలిసిన క్లోరిన్‌ను, తూచి కలుపుతున్నాము. ప్రకృతిలో క్లోరిన్-35, క్లోరిన్-37 ఐసోటోపుల నిష్పత్తి దాదాపు 3.1గా స్థిరంగా ఉంటుంది కనుక, స్పైక్ వల్ల అది ఎంత మారిందో చూసి పరమాణువులను ద్రవ్యరాశిని బట్టి విడదీసి లెక్కించే యాక్సిలరేటర్ మాస్ స్పెక్ట్రోమీటరు మీదే మొత్తం క్లోరిన్‌ను, క్లోరిన్-36ను కలిపి లెక్కకట్టవచ్చు. రాతి క్లోరిన్ స్పైక్‌తో పూర్తిగా కలిసిన తరువాత, మధ్యలో కొంత ద్రవం పోయినా ఫలితం చెడదు. ఈ ఒక్క సౌకర్యం కోసమే నేను దీనిని వదలను.

అయితే బయటి నుంచి చేరే క్లోరిన్ విషయంలో స్పైక్ మనల్ని కాపాడలేదు. సముద్రం మీదుగా వచ్చే ఉప్పుగాలి, కుళాయి నీరు, చెమట, పక్క బల్లపై మూత తీసిన హైడ్రోక్లోరిక్ ఆమ్లం సీసా, ఇవన్నీ బ్లాంక్‌ను, అంటే రాయి లేకుండానే కొలతలో కనిపించే క్లోరిన్‌ను, పెంచుతాయి. అందుకే ఆ సీసాను గది దాటించి, కిటికీలు మూసి, పొడిని సజల నత్రికామ్లంతో కడిగిన తరువాత అతిశుద్ధ నీటితో పదేపదే కడుగుతాము. రాయి వేయకుండా అవే దశలు దాటించే బ్లాంక్ నమూనాను ప్రతి విడతలోనూ నడపనిదే ఏ అంకెనూ నమ్మను.

విజయనగరం వైపు దొరికే కాల్క్ గ్రాన్యులైటు (కాల్షియం ఎక్కువగా ఉన్న రూపాంతర శిల) కరిగినప్పుడు కాల్షియం ఫ్లోరైడు తెల్లని గట్టి ముద్దగా అడుగున పేరుకుంటుంది, దానిని సెంట్రిఫ్యూజ్‌లో వేరుచేయడం విసుగు పుట్టించే పని. తేరిన ద్రవంలో వెండి నైట్రేటు వేయగానే సిల్వర్ క్లోరైడు విరిగిన పాలలా దిగుతుంది. ఇక్కడి నుంచి తొందర పనికిరాదు. గంధకం-36 దాదాపు అదే ద్రవ్యరాశితో కొలతను తప్పుదారి పట్టిస్తుంది కాబట్టి, అవక్షేపాన్ని అమ్మోనియాలో కరిగించి, బేరియం నైట్రేటు కలిపి, రాత్రంతా మూతపెట్టి ఉంచి సల్ఫేటును తొలగించాలి. ఆ అమ్మోనియా ద్రావణం ఎండితే పేలే ప్రమాదం ఉంది, ఎన్నడూ నిల్వ ఉంచకూడదు. మళ్లీ ఆమ్లం వేసి రాబట్టిన సిల్వర్ క్లోరైడును వెలుతురుకు నల్లబడకుండా గోధుమరంగు సీసాలో దాస్తాము.

క్లోరిన్ ఎక్కువగా ఉండి, ఖనిజాలను వేరుచేయని పూర్తి శిలకు ఈ పద్ధతిని సిఫారసు చేయను. అందులో క్లోరిన్-35 న్యూట్రాన్లను పట్టుకుని కొత్త క్లోరిన్-36గా మారుతుంది, ఆ వాటా నేలలోని తేమను బట్టి, శిలలోని బోరాన్, గాడొలీనియం వంటి మూలకాలను బట్టి మారుతూ ఉంటుంది. చార్నోకైటు (తూర్పు కనుమల్లో దొరికే గట్టి ముదురురంగు రాయి) తీసుకునేవారు క్లోరిన్ ఎక్కువగా ఉండే హార్న్‌బ్లెండ్, బయోటైట్ ఖనిజాలను అయస్కాంతంతో ముందే తీసివేసి, పొటాషియం గల పొటాష్ ఫెల్డ్‌స్పార్ ఖనిజాన్ని మాత్రమే కరిగించడం మేలు.