వైన్ దాచాలంటే ఏది మేలు: అల్మారానా, ఇంట్లో ఫ్రిజ్జా, వైన్ ఫ్రిజ్జా?

"తమ్ముడు అమెరికా నుంచి మంచి రెడ్ వైన్ తెచ్చాడు. మా పాతికేళ్ల పెళ్లిరోజుకు తెరుద్దామని ఉంది, అప్పటిదాకా ఎక్కడ పెట్టాలి?" హైదరాబాద్, విజయవాడ మిత్రుల నుంచి నాకు తరచూ వచ్చే ప్రశ్న ఇది. 12–14 డిగ్రీల చల్లదనం, చీకటి, కార్కు తడిగా ఉండేలా సీసాను పడుకోబెట్టడం అందరికీ తెలిసిన సంగతులే. మన ఊళ్లలో తేల్చుకోవాల్సింది మాత్రం ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఆ సీసా ఎంత వేడిలో ఉంటుందన్నది.

ఎక్కువమంది పెట్టేది బెడ్‌రూమ్ అల్మారాలో. ఏసీ గది కదా అన్న ధైర్యం. నాకు అన్నిటికంటే భయం దాని మీదే. రాత్రంతా ఏసీ 24లో నడుస్తుంది. పొద్దున ఆపేసి అందరూ ఆఫీసులకు వెళ్తే మధ్యాహ్నానికి గది 35 దాటుతుంది. వేడికి వైన్ వ్యాకోచించి కార్కును పైకి తోస్తుంది. రాత్రి చల్లబడి కుంచించుకుంటే కార్కు పక్క నుంచి గాలిని లోపలికి లాక్కుంటుంది. ఎండాకాలమంతా రోజూ ఇదే తంతు. జూన్‌లో ఆ సీసా తీసి మూతి చూడండి. పైనున్న రేకు గాజుకు అంటుకుపోయి, దాని అంచున జిగటగా ఎర్రటి మరక కనిపిస్తే వైన్ బయటికి కారినట్టే. రేకు విప్పితే కార్కు కాస్త పైకి లేచి ఉంటుంది. అలాంటి వైన్‌లో తాజా పండ్ల వాసన పోయి, ఉడికించిన పండ్ల రుచి మిగులుతుంది.

యూరప్ వాళ్ల సలహాల్లో వంటింటి ఫ్రిజ్ కంటే అల్మారానే నయమని ఉంటుంది. చల్లటి దేశపు ఇళ్లకు అది సరే, మన ఎండల్లో మాత్రం లెక్క తిరగబడుతుంది. ఫ్రిజ్‌లో 4 డిగ్రీల చలికి వైన్ పాకానికి రావడం దాదాపు ఆగిపోతుంది, అక్కడి పొడి గాలికి నెలలు గడిస్తే కార్కు ఎండుతుంది. అయినా ఎదగకుండా ఆగిన వైన్‌ను తర్వాతైనా ఎదగనివ్వొచ్చు, ఉడికిపోయినదాన్ని ఏమీ చేయలేం. ఒక్క వేసవి గట్టెక్కడానికి కూరగాయల అర చాలు. సీసాను కవర్లో చుట్టి అడ్డంగా పెట్టండి. అడుగున పటికబెల్లం పలుకుల్లాంటివి పేరితే టెన్షన్ పడొద్దు, చలికి ఏర్పడే టార్ట్రేట్ స్ఫటికాలవి, హాని లేదు.

ఐదేళ్లు, పదేళ్లు దాచాలంటే వైన్ ఫ్రిజ్ తప్పదు. నేను నిరుడు చిన్నది కొన్నాను, కంప్రెసర్ ఉన్నదే చూసి మరీ తీసుకున్నాను. కంప్రెసర్ లేకుండా నేరుగా కరెంటుతోనే చల్లబరిచే థర్మోఎలక్ట్రిక్ రకం చప్పుడు చేయదు, అదరదు, అందుకే షాపులో మనసు అటే లాగుతుంది. కానీ అది గది వేడి మీద ఓ 10–15 డిగ్రీలు మాత్రమే తగ్గించగలదు. గది 36లో ఉంటే లోపల 21 దగ్గరే ఆగిపోతుంది. కంప్రెసర్‌కు కాస్త అదురు ఉన్నా మే నెలలో కూడా 13లో నిలబెడుతుంది. కరెంటు పోయినప్పుడు తలుపు తీయకపోతే చాలు, నిండా సీసాలుంటే చల్లదనం త్వరగా పోదు.

అపార్ట్‌మెంట్ సెల్లార్ గురించి కూడా అడుగుతుంటారు. కార్ల వేడి, పెట్రోలు వాసన ఉన్నచోట వద్దు.

ఇంకో మాట. షాపుల్లో దొరికే వైన్లలో చాలావరకు ఒకటి రెండేళ్లలో తాగేయడానికి చేసినవే. వాటికోసం ఫ్రిజ్ కొనకండి. పులుపు, టానిన్ (ద్రాక్ష తొక్కలు, గింజల నుంచి వచ్చే వగరు) గట్టిగా ఉన్న మంచి ఫ్రాన్స్ బోర్డో, ఇటలీ బరోలో లాంటి రెడ్ వైన్లైతేనే అంత ఖర్చుకు ఫలితం ఉంటుంది.

ఫ్రిజ్ కొనే ఉద్దేశం లేకపోయినా పాత సీసా ఒకటి ఇంట్లో ఉండాలనుకుంటే మదీరా తెప్పించుకోండి. పోర్చుగల్‌కు చెందిన ఆ దీవి వైన్ ఒకప్పుడు ఓడల్లో ఉష్ణమండలం దాటి వెళ్తూ వేడికి మరింత రుచి తేలేది. ఇప్పుడు తయారీలోనే కావాలని వేడి తగలనిస్తారు. మన అల్మారా వేడికి మిగతా వైన్లలా అది పాడైపోదు. దాన్ని మాత్రం పడుకోబెట్టకుండా నిలబెట్టి ఉంచండి.