ఆరేళ్లుగా మా కుట్టు దుకాణంలో మోగుతున్న స్పీకరు, దాంట్లో నేను వినే పాటలు

2019 దసరాకు ముందు హనుమకొండ చౌరస్తాలో 1,400 రూపాయలు పెట్టి ఈ బ్లూటూత్ స్పీకరు కొన్నాను. అరచేతిలో పట్టేంత డబ్బా, ఐదు వాట్లది. మెమరీ కార్డు పెట్టుకోవచ్చు, ఎఫ్ఎం కూడా వస్తుంది. కాజీపేటలో మాది లేడీస్ టైలరింగ్ దుకాణం. రెండు మోటారు మిషన్లు పొద్దున తొమ్మిదింటికి మొదలైతే రాత్రి దాకా ఆగవు. అందుకే పాట ఎలా ఉందో చూసేముందు, ఆ మోతలో పాట మాట వినిపిస్తుందా లేదా అని చూస్తాను. ఈ డబ్బాలో వినిపిస్తుంది. ఆరేళ్లుగా మార్చకపోవడానికి కారణం అదే.

మనిషి గొంతును ఇది బాగా పలికిస్తుంది. లోతైన మోత మాత్రం దీని వల్ల కాదు. లోపల కదిలి మోత పుట్టించే కోను ఇంత చిన్నదైతే అంత గాలిని కదపలేదు. డప్పు పాట పెడితే ఆ సంగతి తెలిసిపోతుంది. సిటికెన పుల్ల, అంటే సన్న పుల్ల దెబ్బ టకటకా చెవికి తగులుతుంది, సిర్ర, అంటే లావు పుల్ల దెబ్బ మిషన్ చప్పుడులో కలిసిపోతుంది. డీజే కలిపిన పాటలు ఇష్టమైనవాళ్లు ఈ సైజు స్పీకరు కొనవద్దు. వాటికి పెద్దది కావాలి.

ఈ డబ్బాలో నేను ఎక్కువసార్లు విన్నవి ‘బలగం’ సినిమా పాటలే. ‘ఊరు పల్లెటూరు’ రాసింది మన వరంగల్ కవి కాసర్ల శ్యామ్. ఆ పాటకే 2023 సంవత్సరానికి ఉత్తమ గీత రచయితగా జాతీయ అవార్డు వచ్చింది. మంగ్లీ, రామ్ మిర్యాల గొంతుల్లో ఒక్క మాట కూడా జారిపోదు. అయితే నన్ను పట్టుకున్నది సినిమా చివర వచ్చే పాట. దాన్ని పాడిన పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు మన దుగ్గొండి వైపు వాళ్లు, ఊరూరా కథలు చెప్పిన కళాకారులు. ఒకరోజు ఆ పాట వస్తుండగా ఒకామె జాకెట్ కొలతలకు వచ్చింది. టేపు భుజం మీద పెట్టాను. ఆమె కదలలేదు, నేనూ అంకె రాసుకోలేదు. మిషన్ మీదున్న పిల్ల కూడా కాలు తీసేసింది. పాట అయ్యాక ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని, “మళ్లొక్కసారి పెట్టవా అక్కా” అంది. 2024 డిసెంబరులో మొగిలయ్య పోయారని విన్నరోజు దుకాణంలో ఇంకో పాట పెట్టలేదు.

బతుకమ్మ ముందు రోజుల్లో జాకెట్లు గుట్టలు పడతాయి, అందరికీ టెన్షనే. అప్పుడు ఉయ్యాల పాటలు తప్ప వేరేవి పెట్టను. కీబోర్డు, డ్రమ్ములు కలిపి హడావిడి చేసిన రికార్డింగులు తీసేశాను. ఒక గొంతు ముందు పాడితే పదిమంది అందుకునేవి, చప్పట్లు ఉన్నవి మాత్రం ఉంచుకున్నాను. “ఉయ్యాలో” రాగానే మిషన్ల మీదున్న ఇద్దరూ గొంతు కలుపుతారు. ఆ వారం పని నిజంగా తేలికవుతుంది.

పొద్దున షటరు ఎత్తగానే ఆకాశవాణి వరంగల్, 103.5. ఎఫ్ఎంకు చార్జింగు వైరు గుచ్చి ఉంచాలి, అదే ఏంటెన్నా పని చేస్తుంది. ఇది తెలియక మొదటి నెలంతా గరగరే విన్నాను.

ఇబ్బందులూ ఉన్నాయి. రెండో ఏడు చార్జింగు పిన్ను పెట్టే చోటు లూజైంది. కొన్న దుకాణానికి వెళితే గ్యారంటీలోకి రాదని తిప్పి పంపారు, చాలా బాధనిపించింది. మా వీధిలో ఫోన్లు బాగుచేసే అబ్బాయి 150 తీసుకుని టాంకా వేసిచ్చాడు. నాలుగో ఏడు బ్యాటరీ సెల్ మార్పించాను. ఇప్పుడు ఐదు గంటలు వస్తుంది. 64 జీబీ కార్డును ఇది చదవలేదు, 32 జీబీదే పెట్టాలి.

రాత్రి మోటార్లు ఆగాక హుక్కులు, కాజాలు చేత్తో కుడతాను. అప్పటికి ఇళయరాజా. ఈ మధ్య రోజూ వింటున్నది 1983 నాటి ‘సాగర సంగమం’. ‘మౌనమేలనోయి’లో జానకి గొంతు తగ్గించి పాడిన చోట్లు పగలు నాకు అసలు వినిపించవు. రాత్రి సూది ఆపి మరీ వింటాను. ఆ తర్వాత సంగీత దర్శకుడు చక్రి. మన మహబూబాబాద్ వైపు నుంచి వెళ్లి అంత చిన్న వయసులోనే పోయాడు. ఆయన సొంతంగా పాడిన పాటల్లో ఆ గొంతులోని జీర ఈ డబ్బాలో ఉన్నదున్నట్టు వస్తుంది.

మొన్న పరకాల నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ గంటసేపు కూర్చుని విన్నది. “ఇసొంటి డబ్బా నాకొకటి తెచ్చిపెట్టు బిడ్డా” అంది. ఈ మోడల్ ఇప్పుడు దొరకడం లేదు. ఆమె మనవడి ఫోనులో పెట్టుకోవచ్చని, పాటల పేర్లు కొలతల చీటీ వెనక రాసిచ్చాను.