మదురైనా, తంజావూరా? చేతిలో మూడు రోజులే ఉంటే ఏది మేలు

తమిళనాడు గుళ్లు చూద్దామని బయల్దేరే మనవాళ్లు అరుణాచలం, కంచి అయిపోయాక ఆగి తల గోక్కునేది ఇక్కడే. మదురై వెళ్లాలా, తంజావూరు వెళ్లాలా? రెండూ చుట్టేద్దాం అని ఎవరో ఒకరు అంటారు. రెండింటి మధ్య దాదాపు 190 కిలోమీటర్లు, బస్సులో నాలుగు గంటలు. మూడు రోజుల్లో రెండూ పెట్టుకుంటే ఇంటికొచ్చాక గుర్తుండేది కారు సీటే. మేం ఒకసారి ఆ పని చేసి, రెండు చోట్లా సరిగ్గా గుడి మూసేసిన టైముకే చేరుకున్నాం. అందుకే చెబుతున్నా, ఒక్కటే పెట్టుకోండి.

నా లెక్క ముందే చెప్పేస్తా. మొదటిసారి వెళ్తున్నారు, ఇంట్లో పెద్దవాళ్లు వెంట ఉన్నారు, దర్శనమే ముఖ్యం అనుకుంటే మదురై. సంగీతం, నాట్యం, పాత తెలుగు, వీటిలో దేని మీద కాస్త మనసున్నా తంజావూరు. అయితే ఏ నెలలో వెళ్తున్నారన్న దాన్ని బట్టి ఈ లెక్క తారుమారు కావచ్చు, ఆ సంగతి తర్వాత.

గుళ్ల విషయానికొస్తే రెండూ పెద్ద గుళ్లే కానీ పోలికే లేదు. తంజావూరు పెద్దగుడి రాజరాజ చోళుడు కట్టించింది, 1010 నాటికి పూర్తయింది. అక్కడ గోపురాలు చిన్నవి, గర్భగుడి మీది విమానం 200 అడుగులకు పైన ఉంటుంది. చుట్టుపక్కల గుట్ట అన్నదే కనపడని కావేరి డెల్టాలో అంత నల్లరాయి ఎక్కణ్ణుంచి మోసుకొచ్చి పేర్చారా అని కాసేపు నోరు పెగలదు. మదురైలో తిరగేసి ఉంటుంది, అమ్మవారి, అయ్యవారి విమానాలు చిన్నవి, బంగారు తాపడంతో లోపలెక్కడో ఉంటాయి, ఊరంతా కనిపించేవి గోపురాలు. మొత్తం 14. వాటిలో దక్షిణ గోపురం దాదాపు 170 అడుగులు, 1559లో కట్టింది. నాయక రాజుల కాలంలో గుడి, ఊరు కలిసి పెరిగాయి, గుడి చుట్టూ చతురస్రంగా ఒకదాని బయట ఒకటి వీధులు, వాటికి ఆడి, చిత్తిరై, మాసి అని తమిళ నెలల పేర్లు. దారి తప్పితే ఏ నెలలో ఉన్నామో చూసుకుంటే చాలు.

తంజావూరు గుడి గురించి ఒక మాట. విమానం నీడ నేల మీద పడదు అని అక్కడ గైడ్లు ఇంకా చెబుతూనే ఉన్నారు. సాయంత్రం నాలుగున్నరకి వెళ్లి చూడండి, బారెడు పడుతుంది. నీడ లేకపోతేనే గొప్పా ఏంటి, వెయ్యేళ్లుగా అంత ఎత్తున నిలబడ్డం చాలదా? ఇంకోటి, మిట్టమధ్యాహ్నం ఆ రాతి ప్రాంగణంలో చెప్పుల్లేకుండా నడిస్తే అట్టు పెనం మీద కాలు పెట్టినట్టే. పొద్దున్నే ఆరు, ఏడు గంటల మధ్య వెళ్తే పసుపు రంగు ఎండ ఆ రాయి మీద పడుతుంటుంది, జనం ఉండరు, పచ్చిక మీద కూర్చుని ఎంతసేపైనా చూడొచ్చు. ఆవరణలో ఫోటోలు కూడా తీసుకోవచ్చు. మీనాక్షి గుడిలోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు, 2018లో లోపల మంటలు లేచినప్పటి నుంచి ఇంకా గట్టిగా ఉన్నారు. బయట కౌంటర్లో ఇచ్చి చీటీ జాగ్రత్తగా దాచుకోండి, ఏ గోపురం దగ్గర ఇచ్చారో కూడా గుర్తుపెట్టుకోండి, నాలుగు వైపులా ఒకేలా కనిపిస్తుంది.

మదురైకి నేను ఓటేసేది మాత్రం రాత్రి కోసం. తొమ్మిది దాటాక, గుడి మూసేముందు, పవళింపు సేవ జరుగుతుంది. వెండి పల్లకిలో సుందరేశ్వరుడి (అమ్మవారి భర్త అయిన శివుడి) పాదాలు పెట్టి, సాంబ్రాణి పొగ, మేళం, దీపాలతో మీనాక్షమ్మ గదికి తీసుకెళ్తారు. అమ్మ అయ్య దగ్గరికి వెళ్లదు, అయ్యే అమ్మ దగ్గరికి వస్తాడు. తమిళుల ఇళ్లలో పెళ్లాం మాట చెల్లుతుంటే ‘మీ ఇంట్లో మదురైయా, చిదంబరమా?’ అని వేళాకోళం చేయడం ఇక్కణ్ణుంచి వచ్చిందే, చిదంబరంలో అయ్యదే పైచేయి మరి. మా అమ్మ పగలంతా మోకాళ్లు నొప్పి అని నస పెట్టి, ఆ పల్లకి మలుపు తిరిగేసరికి అందరికంటే ముందుకెళ్లి నిలబడింది, జనం తోస్తున్నా కదల్లేదు. బయటికొచ్చాక మల్లెపూలు మూర కొనిపించుకుని, మోకాళ్ల సంగతి మళ్లీ అప్పుడు గుర్తు తెచ్చుకుంది. ఇలాంటిది తంజావూరులో దొరకదు. ఆ గుడి చూసి ఆశ్చర్యపోతాం, మదురై గుడిలో మాత్రం జనంలో కలిసిపోతాం.

తెలుగు సంగతికొస్తే తూకం తంజావూరు వైపు బాగా మొగ్గుతుంది. మదురైని ఏలిందీ మన తెలుగు నాయకులే. తిరుమల నాయకుడు, రాణి మంగమ్మ పేర్లు బళ్లో చదువుకున్నవే, ఇప్పటికీ ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు అక్కడ బోలెడు. కానీ తంజావూరులో రాజులే కవులు. రఘునాథ నాయకుడు తెలుగులో రాశాడు, ఆయన కొడుకు విజయరాఘవుడు రాశాడు, వాళ్ల తర్వాత వచ్చిన మరాఠా రాజు శహాజీ కూడా తెలుగులో యక్షగానాలు రాశాడు! మరాఠీ ఇంటి భాష, తమిళం ఊరి భాష, రాతకి మాత్రం తెలుగు. రాజభవనంలోని సరస్వతీ మహల్ గ్రంథాలయంలో తెలుగు తాళపత్రాలు వందల్లో ఉన్నాయి. మామూలుగా వెళ్లినవాళ్లు చూడగలిగేది చిన్న మ్యూజియం మాత్రమే, అయినా ఆ అద్దం వెనక మన అక్షరాలు కనిపిస్తే ఊరికి దూరంగా చుట్టం ఇల్లు కనిపించినట్టుంటుంది. పక్కనే ఉన్న చోళుల కంచు విగ్రహాల గ్యాలరీ వదలొద్దు, అందులో ఒక గంట పడుతుంది, తొందరపడితే బాధపడతారు.

తంజావూరు నుంచి ఓ పన్నెండు, పదమూడు కిలోమీటర్లలో తిరువయ్యారు, కావేరి ఒడ్డున త్యాగరాజస్వామి సమాధి. ఏటా పుష్య బహుళ పంచమి నాడు ఆరాధన, పెద్ద విద్వాంసులూ నేర్చుకుంటున్న పిల్లలూ నేల మీద కలిసి కూర్చుని పంచరత్న కీర్తనలు పాడతారు. తమిళ దేశంలో వేలమంది ఒక్క గొంతుతో తెలుగు పాడుతుంటే వినడానికి మనవాళ్లు అంతంతమాత్రంగా వెళ్తారు, సిగ్గుగా లేదూ! అక్కడ గుడి కట్టించింది గాయని బెంగళూరు నాగరత్నమ్మ అన్న సంగతి కూడా చాలామందికి తెలీదు. మే నెలలో అయితే దగ్గర్లోనే మెలట్టూరులో నరసింహ జయంతికి భాగవత మేళ నాటకాలు, తెలుగులో, రాత్రంతా, ఆడవేషాలు కూడా మగవాళ్లే కట్టి. కూచిపూడి తెలిసినవాళ్లకి ఇది పెద్దనాన్నగారి ఇల్లు.

పండగ అంటే జాతరలా ఉండాలి అనుకునేవాళ్లు మాత్రం మదురైకే వెళ్లాలి. చిత్తిరై ఉత్సవం ఏప్రిల్, మే నెలల్లో. మీనాక్షి పట్టాభిషేకం, కల్యాణం, రథం, ఆ తర్వాత చిత్రా పౌర్ణమి నాడు అళగర్ స్వామి (మీనాక్షికి అన్న అయిన విష్ణువు) వైగై నదిలో దిగడం. చెల్లెలి పెళ్లికి కొండ నుంచి బయల్దేరిన అన్న లేటైపోయి, ఏటి దగ్గరే అలిగి వెనక్కి వెళ్లిపోయాడని కథ. పెళ్లికి లేటుగా వచ్చి అలిగే మావయ్యలు మన ఇళ్లలో కూడా ఉన్నారు కాబట్టి ఈ కథ ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. శైవుల పండగనీ వైష్ణవుల పండగనీ ఇలా ఒక్కటి చేసింది తిరుమల నాయకుడు (1623–1659). కానీ జనం లక్షల్లో ఉంటారు, ఎండ మాడ్చేస్తుంది, రూములు చుక్కల్లో ఉంటాయి. చిన్నపిల్లలతో, పెద్దవాళ్లతో వద్దు.

కొని తెచ్చుకునేవి: మదురైలో సుంగుడి చీరలు, మెత్తటి నూలు, చుక్క చుక్కకీ ముడి వేసి అద్దినవి. తంజావూరులో బంగారు రేకు అద్దిన పటాలు, తలాడించే బొమ్మ, డబ్బుంటే వీణ. వీణలు చేసేచోట ఓసారి నిలబడి చూడండి, పనస మొద్దు చెక్కుతుంటే పొట్టు రాలి నేలంతా పసుపు పచ్చగా ఉంటుంది. మన బొబ్బిలి వీణ ఒకే మొద్దులో తొలుస్తారు, ఇక్కడ ఎక్కువగా ముక్కలు అతుకుతారు. అసలు బంగారు రేకో కాదో తెలియనప్పుడు గుడి ముందు దుకాణంలో పెద్ద పటం కొనకండి, నేను కొని రెండేళ్లకే నల్లబడింది.

తిండిలో మదురైదే గెలుపు, వాదన లేదు. రాత్రి పన్నెండింటికి కూడా వేడి ఇడ్లీ దొరికే ఊరు, జిగర్‌తండా అనే చల్లటి పాల పానీయం ఒకటి తాగితే ఇంకో పూట అన్నం అక్కర్లేదు. దారి కూడా మదురైకే సులువు, విమానాశ్రయం ఊళ్లోనే అనుకోవచ్చు. తంజావూరుకి తిరుచ్చిలో దిగి ఇంకో గంటన్నర వెళ్లాలి.

ఇక నెల సంగతి. జనవరి అయితే నేను రెండో మాట లేకుండా తంజావూరే అంటాను, ఎండ ఉండదు, ఆరాధన కూడా చాలా ఏళ్లు ఆ నెలలోనే వస్తుంది. ఇంకో కిటుకు, తై (సంక్రాంతితో మొదలయ్యే తమిళ నెల) పౌర్ణమికి మదురైలో తెప్పోత్సవం. పుష్య పౌర్ణమి సంక్రాంతి దాటాక వచ్చిన ఏడాది ఆ తెప్పోత్సవానికీ, తిరువయ్యారు ఆరాధనకీ మధ్య అయిదు రోజులే తేడా. అలాంటి ఏడాది మాత్రం వారం సెలవు పెట్టి ముందు మదురై, తర్వాత తంజావూరు. పంచాంగం తీసి చూసుకుని టికెట్లు అప్పుడే బుక్ చేయండి, సంక్రాంతి రద్దీలో రైలు సీట్లు మిగలవు.