తొమ్మిదో తరగతికి ప్రైవేటులో చేర్చే ముందు పాత హాల్ టికెట్ ఒకటి చూపించమనండి

పిల్లల్ని ఎనిమిది దాకా జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివించి, తొమ్మిదికి ప్రైవేటుకు మారుద్దామా అని ఆలోచిస్తున్న వాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. మేం ఆ పని చేసి చాలా నష్టపోయాం. డబ్బు పోవడం కంటే మా అమ్మాయికి న్యాయంగా రావాల్సినవి పోవడమే ఎక్కువ బాధ.

మాది పల్నాడులో ఒక మండల కేంద్రం. మా పెద్దమ్మాయి ఊళ్లోని జడ్పీ హైస్కూల్లో ఆరు నుంచి చదివింది. ఎనిమిదిలో ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష రాసి స్కాలర్‌షిప్‌కు ఎంపికైంది. ఆ ఏడాదే లెక్కల మాస్టారు బదిలీ మీద వెళ్లిపోయారు. నాలుగు నెలలు ఆయన స్థానంలో ఎవరూ రాలేదు. పది దగ్గర పడుతోంది, ఇలాగైతే ఎలా అని నాకూ మా ఆయనకూ టెన్షన్ పట్టుకుంది. సరిగ్గా అప్పుడే, ఫిబ్రవరిలో, టౌన్లోని ఒక స్కూల్ పీఆర్వో (అడ్మిషన్ల కోసం ఇంటింటికీ తిరిగే మనిషి) ఇంటికి వచ్చాడు. అమ్మాయి పేరు, మార్కులు, ఎన్‌ఎంఎంఎస్ సంగతి అన్నీ ముందే తెలుసుకుని వచ్చాడు.

"అక్కా, ఇంత తెలివైన పాపను ఇక్కడ ఉంచి అన్యాయం చేయకండి. మా దగ్గర ఐఐటీ ఫౌండేషన్ ఉంది. ఫీజులో పదివేలు తగ్గిస్తాం, ఈ వారంలో రిజర్వ్ చేసుకుంటేనే" అన్నాడు. స్కాలర్‌షిప్ సంగతి నేనే అడిగాను. "అది పాప పేరు మీద వస్తుందక్కా, స్కూలు పేరు మీద కాదు. ఎక్కడ చదివినా వస్తుంది" అన్నాడు. ఆ మాట నమ్మి రిజర్వేషన్‌కు ఐదు వేలు కట్టాం.

అది పచ్చి అబద్ధం. ఎన్‌ఎంఎంఎస్ కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్. తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది వరకు ఏడాదికి 12,000 చొప్పున, నాలుగేళ్లకు 48,000 వస్తుంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు దాటకూడదు. పిల్లలు ప్రభుత్వ, స్థానిక సంస్థల లేదా ఎయిడెడ్ బడిలో చదువుతూ ఉండాలి. ప్రైవేటుకు మారిన రోజే ఆ అర్హత పోతుంది. తొమ్మిదిలోకి వచ్చాక నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో పేరు నమోదు చేయాలి, దాన్ని బడి ధ్రువీకరించాలి. మా వీధిలో అమ్మాయి నమోదు చేయించుకుందని తెలిసి నేను పాత బడికి పరిగెత్తాను. హెచ్‌ఎం గారు చాలా నొచ్చుకున్నారు. "మీరు టీసీ తీసుకున్న రోజు నేను సెలవులో ఉన్నానమ్మా, ఉంటే చెప్పి ఆపేవాణ్ని. ఇప్పటికైనా టీసీ తెచ్చుకుని చేర్పించండి, గడువు ఉంది" అన్నారు.

టౌన్ స్కూలుకు వెళ్లి టీసీ అడిగితే ఏడాది ఫీజు మొత్తం కట్టి తీసుకెళ్లమన్నారు. మొత్తం 46,000. మేం అప్పటికి 20,000 కట్టాం. మిగతాది ఒకేసారి తేగలిగే పరిస్థితి మాకు లేదు. ఇక్కడ నాకు తెలియని విషయం ఒకటుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం పిల్లలు ప్రభుత్వ బడికి మారాలనుకుంటే టీసీ వెంటనే ఇచ్చేయాలి. కానీ ఆ చట్టం వర్తించేది ఎనిమిదో తరగతి వరకే. తొమ్మిదిలో కాలు పెట్టాక ఆ రక్షణ లేదు. అందుకే ఈ మార్పు దగ్గరే బాగా ఆలోచించమంటున్నాను. తిరిగి రావడం అనుకున్నంత తేలిక కాదు.

చదువు సంగతి ఎక్కువ చెప్పను. పొద్దున ఏడుకు బస్సు ఎక్కితే రాత్రి ఏడున్నరకు దిగేది. వారం వారం పరీక్ష, మార్కులను బట్టి సెక్షన్ మార్పు. రెండేళ్లలో ఫిజిక్స్ చెప్పేవాళ్లు ముగ్గురు మారారు. లెక్కల మాస్టారు లేరని మార్చాం కదా, మార్చిన చోటా అదే పరిస్థితి. జడ్పీ బడిలో కొత్త మాస్టారు ఆ జూన్‌లోనే వచ్చారని తర్వాత తెలిసింది.

అసలు దెబ్బ పదిలో తగిలింది. పరీక్ష ఫీజు అని 3,500 వసూలు చేశారు. రెగ్యులర్ విద్యార్థికి పది పరీక్ష ఫీజు 125 రూపాయలే. అడిగితే "మిగతాది మెటీరియల్‌కు, ఇతర ఖర్చులకు" అన్నారు. సరే అనుకుని ఊరుకున్నాం. మార్చిలో హాల్ టికెట్ చేతికి వచ్చింది. ఫోటో మా అమ్మాయిదే, పేరు మా అమ్మాయిదే. స్కూలు పేరు దగ్గర మాత్రం మేం ఎన్నడూ వినని స్కూలు ఉంది, అదీ వేరే మండలంలో. అమ్మాయి దాన్ని పట్టుకుని, "అమ్మా, నేను చదివింది ఇక్కడ కాదు కదా, లోపలికి రానివ్వరేమో" అని ఏడ్చింది. పరీక్షకు వారం ముందు పిల్లకు ఆ భయం పెట్టారు.

స్కూలుకు వెళ్లి గట్టిగా అడిగితే అప్పుడు చెప్పారు. ఆ బిల్డింగ్‌కు గుర్తింపు ఏడో తరగతి వరకే ఉందట. తొమ్మిది, పది పిల్లల పేర్లు గుర్తింపు ఉన్న ఇంకో స్కూల్లో రాయించి, నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల జాబితా) అక్కడి నుంచి పంపిస్తారట. "అందరూ ఇలాగే చేస్తారమ్మా, ఏమీ కాదు" అన్నారు. పరీక్ష సెంటర్ మా ఊరికి 22 కిలోమీటర్లు. రోజూ ఆటో మాట్లాడుకుని తీసుకెళ్లాం. ఆమె పది సర్టిఫికెట్ మీద ఆమె ఎన్నడూ అడుగు పెట్టని బడి పేరు ఉంది. స్టడీ సర్టిఫికెట్ కావాలన్నా, టీసీ కావాలన్నా అక్కడికే వెళ్లాలి. మొదటిసారి వెళ్లినప్పుడు రెండు వేలు అడిగారు. డీఈవో ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చాక డబ్బు తీసుకోకుండా ఇచ్చారు. ఫీజులో మాత్రం ఒక్క రూపాయి వెనక్కి రాలేదు.

అమ్మాయికి 541 వచ్చాయి. ట్రిపుల్ ఐటీకి దరఖాస్తు చేశాం. నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం క్యాంపస్‌లకు పది మార్కుల మీదే ఎంపిక. ప్రభుత్వ, జడ్పీ, మున్సిపల్ బడుల్లో (రెసిడెన్షియల్ కానివి) చదివిన పిల్లలకు 4 శాతం డిప్రివేషన్ స్కోరు, అంటే వెనుకబాటును చూసి ఇచ్చే అదనపు మార్కులు, కలుపుతారు. మాకు ఆ సంగతి దరఖాస్తు నింపేటప్పుడే తెలిసింది. మా అమ్మాయి పేరు జాబితాలో లేదు. ఎనిమిది దాకా తన పక్కనే కూర్చున్న స్నేహితురాలికి సీటు వచ్చింది. ఆ పిల్ల బాగా చదువుతుంది, సీటు రావడం నాకూ సంతోషమే. మా పిల్ల ఆ రోజు అన్నం తినలేదు.

ప్రైవేటు స్కూళ్లన్నీ ఇలాంటివని నేను అనడం లేదు. గుర్తింపు ఉండి, బాగా చెప్పే చోట్లు ఉన్నాయి. మీరు చేర్చాలనుకుంటే రిజర్వేషన్ డబ్బు ఇవ్వకముందే, పోయినేడాది అదే బిల్డింగ్‌లో పది చదివిన పిల్లల హాల్ టికెట్ ఒక్కటి చూపించమనండి. దాని మీద ఏ స్కూలు పేరు ఉందో చూడండి. నీళ్లు నమిలితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. విద్యాశాఖ ఇచ్చిన గుర్తింపు ఉత్తర్వు అడగండి, అది ఏ తరగతి నుంచి ఏ తరగతి దాకా, ఎప్పటి వరకు అన్నది చదవండి. స్కూలుకు 11 అంకెల యూడైస్ కోడ్ (ప్రతి బడికీ ప్రభుత్వం ఇచ్చే నంబర్) ఉంటుంది, అది తీసుకుని యూడైస్ ప్లస్ వెబ్‌సైట్‌లో వెతికితే ఎన్నో తరగతి దాకా నమోదైందో కనిపిస్తుంది. ఫోన్లో ఐదు నిమిషాల పని. రసీదు మీద స్కూలు పేరే ఉండాలి. మాకు ఇచ్చినవి ఏ పేరూ లేని తెల్ల చీటీలు, ఫిర్యాదు ఇవ్వడానికి వెళ్లినప్పుడు అవి ఎందుకూ పనికిరాలేదు.

జడ్పీ బడిలో టీచర్ లేరని మార్చాలనుకునే వాళ్లు జూన్ దాకా ఆగండి. బదిలీలు అయ్యాక హెచ్‌ఎం గారిని కలిసి లెక్కలు, సైన్స్, ఇంగ్లీష్ ఎవరు చెబుతున్నారో అడగండి. అప్పటికీ ఎవరూ లేకపోతే అప్పుడు ఆలోచించండి. బడిలోనే ఉంచి సాయంత్రం ఒక్క లెక్కల ట్యూషన్ పెట్టించినా మాకు నెలకు వెయ్యితో అయిపోయేది.

మా చిన్నవాడు ఇప్పుడు అదే జడ్పీ హైస్కూల్లో ఎనిమిది చదువుతున్నాడు. మొన్న ఇంకో పీఆర్వో వచ్చాడు. హాల్ టికెట్ అడిగాను, రేపు తెస్తానని వెళ్లాడు. మూడు వారాలైంది, మళ్లీ రాలేదు.